బస్తాకు యాభై గ్రాములు: మిర్యాలగూడ మిల్లు కాంటాలో ఆర్‌సీ ఫిల్టర్ మార్చిన కేసు

ఏప్రిల్ చివరి వారం. సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి కోతలు అయిపోయి, మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అప్పుడే ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది.

"సారూ, మా కాంటా మిషన్ ఆగమాగం చేస్తున్నది. ఒక బస్తా తక్కువొస్తది, ఇంకోటి ఎక్కువొస్తది. లోడ్ సెల్ కూడా మార్చినం, అయినా అదే కత. ఒక్కసారి వచ్చి చూస్తే మంచిగుంటది."

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాది ఇండస్ట్రియల్ ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. కాంటాలు, మోటారు ప్యానెళ్లు, టైమర్ బోర్డులు ఎక్కువగా వస్తాయి. లోడ్ సెల్ (బరువును చిన్న వోల్టేజ్‌గా మార్చే సెన్సర్) మార్చినా తేడా పోలేదంటే తప్పు సాధారణంగా కేబుల్లోనో, ఎర్తింగులోనో, బోర్డులోనో ఉంటుంది. ఈసారి బోర్డులోనే దొరికింది. కాకపోతే అది చెడిపోయిన పార్టు కాదు, ఫిల్టర్‌కు ఎంచుకున్న స్పందనే, అంటే వచ్చిన సిగ్నల్‌కు అది బదులిచ్చే తీరే, ఆ పనికి సరిపోనిది. రెసిస్టర్లు, కెపాసిటర్లకు ఆంప్లిఫయర్ జోడించి కట్టే యాక్టివ్ ఆర్‌సీ ఫిల్టర్లను కాలేజీలో చదువుకుని, బయట ఎక్కడ పనికొస్తాయోనని అనుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని లెక్కలతో సహా రాస్తున్నాను.

సమస్య

మిషన్ 25 కిలోల సన్నబియ్యం బస్తాలు నింపుతుంది. పైనుంచి బియ్యం ఒక హాపర్‌లో పడతాయి. ఆ హాపర్ 100 కిలోల ఎస్ టైపు లోడ్ సెల్‌కు వేలాడుతుంది. మొదట పెద్ద ధార, సెకనుకు దాదాపు 5 కిలోలు. 24 కిలోల దగ్గరికి రాగానే పెద్ద గేటు మూసుకుని సన్న ధార మాత్రం మిగులుతుంది, అది సెకనుకు కిలో. సెట్ చేసిన తూకం రాగానే సన్న గేటూ మూసుకుంటుంది. ఈ నిర్ణయాలు తీసుకునేవి రెండు కంపారేటర్లు, అంటే వోల్టేజ్ పెట్టిన హద్దు దాటిందా లేదా చూసే సర్క్యూట్లు. మిషన్ పాతదే, మెకానికల్‌గా గట్టిది.

పక్కనున్న ప్లాట్‌ఫాం కాంటా మీద 50 బస్తాలు వరుసగా తూయించాను. మిషన్ సెట్టింగ్ 25.070 కిలోలు. వచ్చిన తూకాలు 25.005 నుంచి 25.110 దాకా ఉన్నాయి. తగ్గిన బస్తా ఒక్కటి బయటికి పోయినా మిల్లు పేరు పోతుందని సేటు ముందు జాగ్రత్తగా 70 గ్రాములు పైన పెట్టించాడు. రోజుకు 2000 బస్తాలు. అంటే రోజూ 140 కిలోల బియ్యం లెక్కలో లేకుండా పోతున్నాయి. రైతు దగ్గర తరుగు పేరుతో కిలో తీస్తే ఎంత గొడవవుతుందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. ఇక్కడ మిషనే మిల్లు దగ్గర తరుగు తీస్తున్నది.

మిషన్ దగ్గర పనిచేసే పిల్లగాడు ఇంకో ముక్క చెప్పాడు. "పొద్దుగాల కొంచెం మంచిగనే ఉంటది సార్. పగటీలి ఎండెక్కినంక గడబడ అయితది." ఈ మాట నాకు మీటరు రీడింగు కంటే ఎక్కువ పనికొచ్చింది. వేడితో మారే తప్పు ఒకటి, వేడితో పని లేకుండా ఎప్పుడూ ఉండే తప్పు ఒకటి, రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉండొచ్చని అప్పుడే అనిపించింది.

స్కోప్ మీద కనబడింది

లోడ్ సెల్‌ది వోల్ట్‌కు 2 మిల్లీవోల్ట్‌ల రకం. 10 వోల్ట్‌లు ఇస్తే 100 కిలోలకు 20 మిల్లీవోల్ట్‌లు. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ దాన్ని 200 రెట్లు పెంచుతుంది. కాబట్టి కిలోకు 40 మిల్లీవోల్ట్‌లు, 10 గ్రాములకు 0.4 మిల్లీవోల్ట్. ఈ సంఖ్య తలలో పెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ మీద స్కోప్ పెట్టగానే అల కనబడింది. అటు 16, ఇటు 16 మిల్లీవోల్ట్‌లు, అంటే అటూ ఇటూ 400 గ్రాములు. ఫ్రీక్వెన్సీ 16 హెర్ట్జ్. ఎక్కడిదో వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అదే ప్లాట్‌ఫాం మీద పది అడుగుల దూరంలో నూకలు వేరుచేసే జల్లెడ ఉంది, దాన్ని ఊపేది ఆరు పోళ్ల వైబ్రేటర్ మోటారు. టాకోమీటర్‌లో నిమిషానికి 960 చుట్లు, 60తో భాగిస్తే 16. జల్లెడ ఆపించాను, అల పోయింది.

పాత బోర్డులో దీనికోసం నాలుగో ఆర్డర్ బటర్‌వర్త్ లోపాస్ ఫిల్టర్ (కటాఫ్ అనే హద్దుకు పైనున్న అలలను తగ్గించి, మెల్లగా మారే తూకాన్ని పోనిచ్చేది) ఉంది. రెండు శాలెన్-కీ అంచెలు, అన్ని రెసిస్టర్లు 330 కిలో ఓం, అన్ని కెపాసిటర్లు 100 నానోఫారడ్. కటాఫ్ 5 హెర్ట్జ్ చుట్టూ. కాగితం మీద తప్పు లేదు. 16 హెర్ట్జ్ అంటే కటాఫ్‌కు 3.2 రెట్లు, నాలుగో ఆర్డర్ కాబట్టి 3.2ను నాలుగుసార్లు వేసి గుణిస్తే 105. అటూ ఇటూ 400 గ్రాముల అల 4 గ్రాములకు తగ్గాలి. ఉదయం ఎనిమిదికి చూస్తే నిజంగానే 4 గ్రాముల దగ్గరే ఉంది.

మధ్యాహ్నం రెండింటికి బయట 44 డిగ్రీలు. రేకుల కప్పు కింద ప్యానెల్ డబ్బాలో థర్మామీటర్ 52 చూపించింది. అల 22 గ్రాములకు పెరిగింది.

ఒక కెపాసిటర్ ఊడదీశాను. గోధుమరంగు సిరామిక్ బిళ్ల, మీద 104 అని ముద్ర. ప్యానెల్ బయట కొంచెం చల్లబడనిచ్చి మీటర్‌లో పెడితే 96 నానోఫారడ్. సోల్డరింగ్ ఐరన్ మొనను దానికి తగలకుండా ఒక అంగుళం దూరంలో పట్టుకున్నాను. మీటర్ అంకెలు దిగడం మొదలైంది. 90, 83, 75. బిళ్ల మీద పెట్టిన థర్మోకపుల్ 52కు వచ్చేసరికి 62 దగ్గర నిలబడింది. ఐరన్ పక్కకు తీస్తే మళ్లీ మెల్లగా పైకి. సేటు కొడుకు బీటెక్ చదివినవాడు, పక్కనే నిలబడి చూస్తున్నాడు. "కెపాసిటర్ విలువ ఇంత మారుతదా అంకుల్?" అని అడిగాడు. చిన్న సైజులో ఎక్కువ కెపాసిటెన్స్ ఇరికించిన సిరామిక్ రకాల్లో చాలావాటికి ఈ గుణం ఉంటుంది. సప్లై లైన్ మీద వేస్తే నష్టం లేదు, టైమింగ్ నిర్ణయించే చోట వేయకూడదు. 96 నుంచి 62కు పడితే కటాఫ్ 5 నుంచి 7.8 హెర్ట్జ్‌కు జరుగుతుంది. అప్పుడు 16 హెర్ట్జ్ తగ్గేది 105 రెట్లు కాదు, 18 రెట్లే. 400ను 18తో భాగిస్తే 22. కళ్లముందు కనబడ్డ అంకె అదే.

పగటిపూట గడబడకు కారణం తెలిసింది. కానీ ఉదయం పూట కూడా 50 గ్రాములు తగ్గిన బస్తాలు వస్తున్నాయి. 4 గ్రాముల అల అంత తేడా తేలేదు.

రెండో తప్పు

దీనికి స్కోప్‌ను సింగిల్ షాట్‌లో పెట్టి, పెద్ద గేటు మూసుకునే క్షణాన్ని పట్టుకోవాల్సి వచ్చింది.

ధారగా పడే బియ్యం బరువుతో మాత్రమే కాదు, పడే వేగంతో కూడా హాపర్‌ను కిందికి నొక్కుతాయి. గేటు నుంచి హాపర్‌లోని బియ్యం మట్టానికి 60 సెంటీమీటర్లు. అంత ఎత్తు నుంచి పడ్డ గింజ వేగం సెకనుకు 3.4 మీటర్లు. సెకనుకు 5 కిలోలు ఆ వేగంతో తగిలితే 17 న్యూటన్ల బలం, అంటే 1.75 కిలోల బరువు. ఇది బియ్యం బరువు కాదు, దెబ్బ బరువు. పెద్ద గేటు మూసుకున్నాక 0.35 సెకన్లకు చివరి గింజ పడుతుంది. ఆ క్షణంలో ఈ 1.75 కిలోలు ఒక్కసారిగా మాయమవుతాయి. ఫిల్టర్‌కు అది మెట్టు దిగినట్టు.

మెట్టు దిగగానే నాలుగో ఆర్డర్ బటర్‌వర్త్ ఊగుతుంది. దాని ఓవర్‌షూట్, అంటే నిలవాల్సిన చోటును దాటిపోయేది, మెట్టులో 10.8 శాతం. 1.75 కిలోల మెట్టుకు 190 గ్రాములు కిందికి పోయి, మళ్లీ పైకి వచ్చి, దాదాపు 50 గ్రాములు ఎక్కువ చూపించి, ఆ తర్వాత స్థిరపడుతుంది. స్కోప్‌లో ఆ పైకి వచ్చిన ఊపు చివరి గింజ పడిన పావు సెకనుకు కనబడింది. సరిగ్గా ఆ సమయంలో సన్న ధార తూకం దగ్గరపడితే కంపారేటర్ మోసపోతుంది. అసలు తూకం ఇంకా 50 గ్రాములు తక్కువుండగానే గేటు మూసేస్తుంది. ధార కొంచెం పలచగా వచ్చిన బస్తాకు సన్న ధార ఎక్కువసేపు నడుస్తుంది, ఊపు అణిగిపోతుంది, తూకం సరిగ్గా వస్తుంది. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అని సేటు చెప్పింది దీని గురించే.

ఇలాంటిదానికే కంట్రోలర్‌లో బ్లాంకింగ్ టైమ్ ఉంటుంది. పెద్ద గేటు మూశాక అంతసేపు కంపారేటర్ మాట వినకూడదని. మొదట అది 1 సెకను ఉండేదట. సీజన్‌లో బస్తాలు ఎక్కువ రావాలని 0.6కు తగ్గించారు. చివరి గింజ 0.35 దగ్గర పడుతుంది కాబట్టి ఫిల్టర్‌కు స్థిరపడటానికి మిగిలింది పావు సెకను. మళ్లీ 1 సెకను పెట్టండని చెప్పి నేను బస్సెక్కొచ్చు. కానీ 0.4 సెకన్ల చొప్పున 2000 బస్తాలకు 13 నిమిషాలు, దాదాపు వంద బస్తాలు. లారీలు గేటు దాకా నిలబడ్డ రోజుల్లో ఆ సలహా ఎవరూ వినరు. వినమని అడగడం కూడా న్యాయం కాదు. పావు సెకనులో స్థిరపడే ఫిల్టర్ ఇవ్వడం నా పని.

ఏ స్పందన కావాలో ముందు రాసుకోవడం

ఫిల్టర్ సింథసిస్ అంటే ముందు కావాల్సిన స్పందన రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తూ సర్క్యూట్ కట్టడం. చాలామంది రాసుకునేది ఒక్క ఫ్రీక్వెన్సీ స్పందనే: ఇక్కడిదాకా పోనివ్వాలి, ఇక్కడి నుంచి ఆపాలి. 1930లో స్టీఫెన్ బటర్‌వర్త్ చూపించిన స్పందన ఆ లెక్కన అందమైనది, పాస్‌బ్యాండ్ అంతా బల్లపరుపుగా ఉంటుంది. అందుకే ఏ బోర్డు విప్పినా అదే కనబడుతుంది. ఆడియోకు సరిపోతుంది. తూకానికి కావాల్సింది వేరు. మెట్టు దిగినప్పుడు ఊగకుండా ఎంత తొందరగా నిలబడుతుందన్నదే ముందు రాసుకోవాలి.

నా కాగితం మీద మూడు షరతులు రాసుకున్నాను. ఓవర్‌షూట్ ఒక శాతం లోపు. చివరి గింజ తర్వాత పావు సెకనులో 5 గ్రాముల లోపుకు స్థిరపడాలి. 16 హెర్ట్జ్ అల రెండు మూడు గ్రాములు దాటొద్దు. వీటితోపాటు నేను ఏ కాంటా బోర్డుకైనా పెట్టుకునే నాలుగోది: డీసీ గెయిన్ (మారని సిగ్నల్‌ను పెంచే రెట్లు) సరిగ్గా ఒకటి కావాలి, ఏ రెసిస్టర్ నిష్పత్తి మీదా ఆధారపడకూడదు.

మొదటి రెండు షరతులూ బెసెల్ ఫిల్టర్ వైపు చూపిస్తాయి. 1949లో డబ్ల్యూ.ఇ. థామ్సన్ అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఆలస్యం వీలైనంత సమంగా ఉండేలా ఈ ఫిల్టర్‌ను ప్రతిపాదించాడు. అల రూపం చెదరకపోతే ఊపూ ఉండదు. నాలుగో ఆర్డర్ బెసెల్‌కు ఓవర్‌షూట్ ఒక శాతం లోపే. రెంటికీ 5 హెర్ట్జ్ కటాఫ్ పెట్టి చూడండి. బటర్‌వర్త్‌లో అన్నిటికన్నా మెల్లగా అణిగే ఊపుకు (పోల్స్ జతకు) టైమ్ కాన్‌స్టంట్, అంటే అది దాదాపు మూడో వంతుకు తగ్గే సమయం, 83 మిల్లీసెకన్లు, బెసెల్‌లో 32. పావు సెకను అంటే మొదటిదానికి మూడు టైమ్ కాన్‌స్టంట్లు, రెండోదానికి దాదాపు ఎనిమిది.

దీనికి ఇవ్వాల్సిన మూల్యం మూడో షరతులో ఉంది. 16 హెర్ట్జ్ దగ్గర బటర్‌వర్త్ 40 డెసిబెల్స్ (నూరు రెట్లు) తగ్గిస్తే, బెసెల్ 27 (దాదాపు 23 రెట్లు) మాత్రమే తగ్గిస్తుంది. 400 గ్రాముల అల 18 గ్రాములవుతుంది. కటాఫ్ ఇంకా కిందికి దించితే అల తగ్గుతుంది, వేగం పోతుంది. కాబట్టి కటాఫ్ అలాగే ఉంచి, శత్రువు ఫ్రీక్వెన్సీ తెలిసిందే కనుక దానికి విడిగా ఒక నాచ్, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసే ఫిల్టర్, పెట్టాలని నిర్ణయించాను.

సేటు కొడుకు ఇక్కడ మంచి ప్రశ్న వేశాడు. "ఇదంతా ఎందుకు అంకుల్, డిజిటల్ ఇండికేటర్ తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెట్టొచ్చు కద?" పెట్టొచ్చు. కానీ సెకనుకు 20 సార్లు చదివే కన్వర్టర్ ముందు 16 హెర్ట్జ్ అల అలాగే ఉంటే, అది 20లోంచి 16 పోగా 4 హెర్ట్జ్ అలగా లోపలికి వస్తుంది. ఒకసారి 4గా మారి వచ్చాక సాఫ్ట్‌వేర్‌కు అసలు తూకానికీ దానికీ తేడా తెలియదు. డిజిటల్‌కు పోయినా ముందు ఒక అనలాగ్ ఫిల్టర్ ఉండాల్సిందేనని కాగితం మీద గీసి చూపించాను.

లోపాస్ అంచెలు

ఇండక్టర్, కెపాసిటర్‌తో 5 హెర్ట్జ్ ఫిల్టర్ కట్టాలంటే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసినా 10 హెన్రీల ఇండక్టర్ కావాలి. పాత ట్యూబ్‌లైట్ చోక్ ఒక హెన్రీ చుట్టూ ఉంటుంది, అలాంటివి పది ఊహించుకోండి. ఆ ఇనుము, ఆ రాగి లేకుండా ఆంప్లిఫయర్, రెసిస్టర్లు, కెపాసిటర్లతోనే అదే స్పందన తేవచ్చని ఎంఐటీ లింకన్ లాబొరేటరీలో శాలెన్, కీ 1955లో పద్ధతిగా చూపించారు. అప్పటి ఆంప్లిఫయర్ వాక్యూమ్ ట్యూబు. ఈరోజు ఎనిమిది కాళ్ల ఆప్-ఆంప్ ఐసీ.

శాలెన్-కీ అంచెను రెండు రకాలుగా కట్టొచ్చు. పాత బోర్డులో ఉన్నది సమాన విలువల రకం. రెసిస్టర్లన్నీ ఒకటే, కెపాసిటర్లన్నీ ఒకటే, క్యూ విలువను (అంచె ఎంత పదునుగా స్పందిస్తుందో చెప్పేది) ఆంప్లిఫయర్ గెయిన్ నిర్ణయిస్తుంది. గెయిన్ అంటే 3లోంచి 1/క్యూ తీసేసినంత. స్టోరులో ఒకే విలువ పెట్టుకోవచ్చు కాబట్టి తయారుచేసేవాళ్లకు సులువు. కానీ బటర్‌వర్త్ రెండు అంచెల గెయిన్లు 1.152, 2.235 కలిసి తూకం మొత్తాన్ని 2.575 రెట్లు పెంచుతున్నాయి. ఆ నిష్పత్తి పట్టుకున్న నాలుగు రెసిస్టర్లు 5 శాతం కార్బన్ రకం. అవి వేడికి తలా ఒక తీరుగా జరిగితే 25 కిలోల విలువే జరుగుతుంది. ఇంకో సంగతి, ఈ రకంలో గెయిన్ ఒక శాతం మారితే క్యూ 3క్యూ − 1 శాతం మారుతుంది. క్యూ 1.3 ఉన్న అంచెకు అది 3 శాతం, భరించొచ్చు. క్యూ 10 కావాలని ఎవరైనా ఇదే పద్ధతిలో కడితే 29 శాతం. గెయిన్ 2.9 నుంచి 3కు జరిగితే ఫిల్టర్ కాస్తా ఆసిలేటర్ అవుతుంది.

నేను యూనిటీ గెయిన్ రకం తీసుకున్నాను. ఆప్-ఆంప్ అవుట్‌పుట్ తిన్నగా ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు కలుస్తుంది, డీసీ గెయిన్ ఒకటి, రెసిస్టర్లతో పని లేదు. క్యూ‌ను కెపాసిటర్ల నిష్పత్తి తెస్తుంది, కెపాసిటర్ ఒక శాతం మారితే క్యూ అర శాతమే మారుతుంది.

నాలుగో ఆర్డర్ బెసెల్‌ను 5 హెర్ట్జ్‌కు దించితే మొదటి అంచె 7.15 హెర్ట్జ్, క్యూ 0.522. రెండో అంచె 8.02 హెర్ట్జ్, క్యూ 0.806. రెండోదాని లెక్క ఇది. ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ 330 నానోఫారడ్, భూమికి పోయేది 100. కెపాసిటర్లు దొరికే విలువలకు ముందు కట్టుబడాలి, రెసిస్టర్లతో తర్వాత సర్దుకోవచ్చు. నిష్పత్తి 3.3, దాని వర్గమూలం 1.817. దీనికి సరిపడే రెసిస్టర్లు లెక్కిస్తే 180 కిలో ఓం, 66 కిలో ఓం వస్తాయి. 180 మామూలుగానే దొరుకుతుంది. 66 కోఠిలో కూడా అడగక్కర్లేదు, 33వి రెండు వరుసగా పెడితే చాలు. తిరిగి లెక్కేస్తే 8.04 హెర్ట్జ్, క్యూ 0.805. కాగితానికీ బోర్డుకూ అంత దగ్గరగా విలువలు కుదిరినప్పుడు కలిగే తృప్తి ఈ పని చేసేవాళ్లకు తెలుసు. మొదటి అంచెకు 220, 100 నానోఫారడ్‌లు, 62, 360 కిలో ఓములు సరిపోయాయి.

ఐసీలు ఓపీ07. 5 హెర్ట్జ్ ఫిల్టర్‌కు వేగం అక్కర్లేదు, విలువ జరగకుండా ఉండటం కావాలి. దాని బయాస్ కరెంట్ ఈ రెసిస్టర్లలో కొద్దిగా వోల్టేజ్ పుట్టిస్తుంది, కానీ మిషన్ ప్రతి బస్తాకు ముందు టేర్ తీసుకుంటుంది (ఖాళీ హాపర్ రీడింగును సున్నాగా పట్టుకుంటుంది) కాబట్టి అది అందులో పోతుంది.

నాచ్

టీ ఆకారపు రెండు ఆర్‌సీ దారులను సమాంతరంగా కలిపే ట్విన్-టీ నాచ్ నాకు ఇష్టం కావడానికి కారణం ఒకటుంది. 100 కిలో ఓం, 100 నానోఫారడ్ వేస్తే నాచ్ 15.92 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 50 కిలో ఓం కావాల్సిన చోట రెండు 100లు సమాంతరంగా, 200 నానోఫారడ్ కావాల్సిన చోట రెండు 100లు. మొత్తం నాలుగు ఒకే రకం రెసిస్టర్లు, నాలుగు ఒకే రకం కెపాసిటర్లు. మోటారు 16, నాచ్ 15.92. ఇంతకంటే ఏం కావాలి?

ఊరికే వదిలేస్తే ట్విన్-టీ క్యూ 0.25, మరీ వెడల్పు, 5 హెర్ట్జ్ దాకా తినేస్తుంది. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని బఫర్ ద్వారా కింది కాలుకు తిరిగి ఇస్తే ఇరుకవుతుంది. తిరిగిచ్చే భాగం 0.95 అయితే క్యూ 5. మొదట అదే పెట్టాను. షాపులో సిగ్నల్ జనరేటర్‌తో చూస్తే కత్తితో కోసినట్టు నాచ్. మిల్లులో పెట్టిన మొదటి గంట బాగానే ఉంది, తర్వాత అల మళ్లీ లేచింది. టాకోమీటర్ పెట్టి అరగంట కూర్చున్నాను. వోల్టేజ్, జల్లెడ మీద లోడు మారుతున్న కొద్దీ మోటారు 955 నుంచి 975 చుట్ల మధ్య తిరుగుతున్నది. ఇండక్షన్ మోటారుకు స్లిప్ ఉంటుంది, అది స్థిరంగా ఉండదు. నేను లెక్కలోకి తీసుకోవాల్సింది అదే. ఫ్రీక్వెన్సీ రెండు శాతం జరిగితే క్యూ 5 నాచ్ అలను ఐదో వంతుకే తగ్గిస్తుంది. క్యూ 1 నాచ్ అదే చోట ఇరవై ఐదో వంతుకు తగ్గిస్తుంది.

అందుకే తిరిగిచ్చే భాగాన్ని 0.75కు దించాను, 10, 30 కిలో ఓములతో. క్యూ 1. దీనివల్ల అదనంగా వచ్చిన ఆలస్యం 10 మిల్లీసెకన్లు, 5 హెర్ట్జ్ దగ్గర నష్టం అర డెసిబెల్. ఇంకో లాభం కూడా ఉంది: ఆ భాగం ఒక శాతం మారితే క్యూ 3 శాతమే మారుతుంది, 0.95 దగ్గరైతే 19 శాతం మారేది.

ఈ నాలుగు కెపాసిటర్ల కోసం ఇరవై పాలీప్రొపిలీన్‌వి కొని, మీటర్‌తో ఒక్కొక్కటే కొలిచి, అర శాతం లోపు కలిసేవి ఏరుకున్నాను. లోపాస్‌కూ అదే రకం. వేడి 20 డిగ్రీలు పెరిగినా వీటి విలువ అర శాతం కూడా జరగదు. రెసిస్టర్లు ఒక శాతం మెటల్ ఫిల్మ్. ట్రిమ్‌పాట్ ఒక్కటీ లేదు. వణికే ప్లాట్‌ఫాం మీద, తవుడు దుమ్ములో ట్రిమ్‌పాట్ పెడితే నేను మిల్లు గేటు దాటేలోపే దాని ముల్లు జరుగుతుంది.

పెట్టాక

అల ఉదయమైనా మధ్యాహ్నమైనా గ్రాము దాటలేదు. చివరి గింజ పడ్డాక ఊపు స్కోప్‌లో కంటికి ఆనలేదు. మొత్తం ఆలస్యం 77 మిల్లీసెకన్లు, సన్న ధారలో అది 77 గ్రాముల వెనుకబాటు. కానీ ప్రతి బస్తాకూ అంతే కాబట్టి గేటు మూసే సెట్టింగ్‌లో ఒక్కసారి కలుపుకుంటే సరిపోయింది. బ్లాంకింగ్ 0.6 దగ్గరే ఉంచాం. సెట్టింగ్ 25.020కు దించి 50 బస్తాలు తూస్తే 25.005 నుంచి 25.035 దాకా వచ్చాయి. మిగిలిన తేడా గేటు సిలిండర్‌ది. గాలి ప్రెషర్‌ను బట్టి అది పది మిల్లీసెకన్లు అటూ ఇటూ మూసుకున్నా 10 గ్రాములు. ఫిల్టర్‌తో దానికి సంబంధం లేదు. రోజుకు 100 కిలోల బియ్యం మిగిలాయి.

వానాకాలం

జూలై రెండో వారంలో మళ్లీ ఫోన్. "సారూ, ఇప్పుడు ఉల్టా అయింది. పొద్దుగాల బస్తాలు ఎక్కువొస్తున్నయ్, పగటీలి మంచిగుంటున్నయ్." అరవై గ్రాములు ఎక్కువ.

ఉదయం ఎక్కువ, ఎండెక్కాక సరి అంటే తేమ మీదే అనుమానం. ఫిల్టర్ ఇన్‌పుట్‌కు 1.800 వోల్ట్ రెఫరెన్స్ ఇచ్చి అవుట్‌పుట్ చూశాను. 1.7956 వచ్చింది. గెయిన్ ఒకటి అని గట్టిగా చెప్పిన బోర్డు 4.4 మిల్లీవోల్ట్‌లు మింగింది. బోర్డు మీద సన్నగా తవుడు పొర, దాని కింద నేను సరిగ్గా కడగని సోల్డరింగ్ ఫ్లక్స్. మజ్జిగ తాగే స్ట్రా ఒకటి తీసుకుని దాంట్లోంచి ఒక్కో చోట నోటి ఆవిరి ఊదాను. రెండో అంచె ఓపీ07 మూడో పిన్ను దగ్గర ఊదగానే మీటర్ 1.78కి పడింది, పది సెకన్లకు మెల్లగా లేచింది. మిగతా చోట్ల కదల్లేదు.

ఆ పిన్నుకు ముందు 180, 66 కలిపి 246 కిలో ఓములు. అక్కడి నుంచి భూమికి తడి దుమ్ము 100 మెగా ఓముల దారి ఇచ్చినా సిగ్నల్ 0.246 శాతం తగ్గుతుంది. 25 కిలోలలో అది 61 గ్రాములు. మిషన్ తక్కువ చదివింది, అందుకే బస్తాలో ఎక్కువ పోసింది. మామూలు మల్టీమీటర్ 100 మెగా ఓములను చూపించదు, అందుకే ఏప్రిల్‌లో ఈ దారి గురించి నేను వెతకనే లేదు.

ఆ రోజుకు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో బోర్డు కడిగి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, మూడో పిన్నును బోర్డు రంధ్రంలోంచి పైకి లేపాను. దానికి చేరే రెసిస్టర్, కెపాసిటర్ కాళ్లను గాలిలోనే అతికించాను. బోర్డుకు తగలనిదానికి బోర్డు మీది తడి ఏం చేయదు. పైన వార్నిష్ రెండు పూతలు.

సేటు మిగతా రెండు మిషన్లకు కూడా అడిగాడు కాబట్టి కొత్త పీసీబీ గీశాను. అందులో ప్రతి మూడో పిన్ను చుట్టూ ఒక రాగి గీత తిరుగుతుంది, అది ఆరో పిన్నుకు, అంటే అవుట్‌పుట్‌కు కలిసి ఉంటుంది. యూనిటీ గెయిన్ కాబట్టి అవుట్‌పుట్, మూడో పిన్ను ఒకే వోల్టేజ్ దగ్గర ఉంటాయి. వాటి మధ్య తడి ఉన్నా కరెంట్ పోవడానికి కారణం ఉండదు. బోర్డులు వచ్చాక, వార్నిష్ పూయకముందే, షాపులో టేబుల్ మీద పెట్టి 1.8000 ఇచ్చి అదే స్ట్రాతో మూడో పిన్ను మీద ఊదాను. మీటర్‌లో చివరి అంకె ఒకటి అటూ ఇటూ మారింది, అంతే.